పడమటి ఎండకి మెట్లు అడ్డం పెట్టిన ఇల్లు: తిరుపతిలో 40 అంకణాల కేస్ స్టడీ

తిరుచానూరు వైపు ఒక లేఅవుట్‌లో 30 బై 48 సైటు. మన తిరుపతి లెక్కలో సరిగ్గా 40 అంకణాలు. ఈడ అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరులో 72, కాబట్టి నెల్లూరు చుట్టాలు వచ్చి 20 అంకణాలేగా అంటే కంగారు పడొద్దు. రోడ్డు పడమర. ఉత్తరం పక్క ఇల్లు వచ్చేసింది, దక్షిణం సైటు ఇంకా ఖాళీ, వెనక తూర్పున మూడంతస్తులు లేచింది. ఓనర్లు రిటైరైన దంపతులు, సార్ గవర్నమెంటు స్కూల్లో హెడ్మాస్టరుగా చేసినారు, డబ్బు లెక్కలన్నీ అమ్మగారి చేతిలో. కింద వాళ్ళుంటారు, పైన ఒక పోర్షన్ అద్దెకి, కొడుకు బెంగళూరులో ఉద్యోగం, పండగలకి పిల్లలతో వస్తాడు.

మొదటి మీటింగుకి సార్ రెండు పేజీల లిస్టు రాసుకొచ్చినారు, పూజగది కొలతతో సహా. కానీ ఆర్కిటెక్టుగా నాకు నిజంగా పనికొచ్చింది అమ్మగారు చెప్పిన ఒక్క మాట. "ఇప్పుడుండే అద్దింట్లో పగలు ఎట్లనో గడిచిపోతాది నాయనా, రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి పెడితే కాలతా ఉంటాది, ఆ గోడ పక్కనే మంచం." ఈ డిజైన్ మొత్తం ఆ గోడ చుట్టూనే తిరిగింది, మిగతావన్నీ తర్వాత సర్దుకున్నవే.

గోడ రాత్రిపూట ఎందుకు కాలతాదంటే, పూతతో కలిపి 9 అంగుళాల ఇటుక గోడ బయట తగిలిన వేడిని లోపలికి పంపడానికి సుమారు 7, 8 గంటలు తీసుకుంటుంది. తూర్పు గోడకి పొద్దున 9 గంటలకి తగిలిన ఎండ సాయంత్రానికి లోపలికి వస్తుంది, ఆ టైముకి కిటికీలు తలుపులు తీసుకుని మనం వాకిట్లో కూర్చుని ఉంటాం కాబట్టి పెద్దగా తెలీదు. పడమర గోడకి మధ్యాహ్నం 3, 4 గంటలప్పుడు తగిలింది మాత్రం సరిగ్గా రాత్రి 10, 11కి, దోమలకి భయపడి కిటికీలు మూసేసి పడుకునే టైముకి బయటికొస్తుంది. ఏసీ ఆ టైములో చల్లబరిచేది గదిలో గాలిని కాదు, గోడని. స్లాబు ఇంకో రకం, 5 అంగుళాల కాంక్రీటు 3, 4 గంటల్లోనే వేడి దింపేస్తుంది, పైగా దానికి పొద్దున్నించి సాయంత్రం దాకా నీడ అనేదే లేదు.

ఇంకొకటి మన ఊరి సంగతి. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అంటే ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మధ్యలో ఒకసారి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఆ రెండింటి మధ్యలో మే, జూన్, జూలైలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. ఉత్తరం గోడకి ఎండ రాదు, ఎంత గాజైనా పెట్టుకోవచ్చు అని ఢిల్లీ వాళ్ళ పుస్తకాల్లో చదువుకుని వచ్చి ఇక్కడ గీస్తే జూన్ సాయంత్రం వాయవ్యం నుంచి ఎండ సోఫా దాకా వచ్చి కూర్చుంటుంది. ఈ సైటుకి ఉత్తరం పక్కింటి గోడే అడ్డం కాబట్టి ఆ బాధ తప్పింది.

మరి పడమర కిటికీకి సజ్జ వేస్తే సరిపోదా అని సార్ అడిగినారు, అందరూ అడిగేదే. లెక్క చూడండి. ఏప్రిల్ చివర్లో సాయంత్రం 4 దాటి పది నిమిషాలకి సూర్యుడు భూమికి సుమారు 32 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 2 అడుగుల సజ్జ కింద అప్పుడు పడే నీడ 15 అంగుళాలు. కిటికీ ఎత్తు 4 అడుగులు. ఇంకో గంటకి సూర్యుడు 17 డిగ్రీలకి దిగుతాడు, నీడ ఏడెనిమిది అంగుళాలకి వచ్చేస్తుంది. అదే 2 అడుగుల సజ్జ దక్షిణం కిటికీకి వేస్తే డిసెంబర్ మధ్యాహ్నం రెండున్నర అడుగులకి పైగా నీడ ఇస్తుంది. అంటే సజ్జ అనేది దక్షిణానికి పనికొచ్చే వస్తువు, పడమరకి వానకోసం తప్ప ఎండకి పనికిరాదు, అక్కడ ఎండకి ఎదురుగా నిలువునా ఏదో ఒకటి నిలబడాల్సిందే. చెట్టు అయితే బ్రహ్మాండం, కానీ రోడ్డు మీద కరెంటు తీగలు, ఏడాదికోసారి వచ్చి కొమ్మలన్నీ నరికేసి పోతారు.

చంద్రగిరి రాజమహల్ లోపల ఎంత చల్లగా ఉంటుంది, అట్లా మందం గోడలు కట్టేద్దాం అని కూడా సార్ అన్నారు. మంచి పాయింటే. ఆ మహల్ అంతా రాయి, ఇటుక, సున్నం, ఎక్కడా కలప వాడలేదు, గోడలు మందం, గదులు ఎత్తు, గాలి అటూఇటూ తిరుగుతుంది. కానీ 30 అడుగుల వెడల్పు సైటులో పక్కలు వదిలేస్తే మాకు మిగిలింది 24 అడుగులు, గోడలు రెండడుగులు చేస్తే గదులు పోయి గోడలే మిగుల్తాయి.

ఇక వాస్తు. తిరుపతిలో ప్రాక్టీస్ చేస్తూ వాస్తుతో గొడవ పెట్టుకునే ఆర్కిటెక్టుని నేనింకా చూడలేదు, ఉన్నా వాళ్ళకి పని ఉండి ఉండదు. మాస్టర్ బెడ్రూమ్ నైరుతిలో రావాలి, ఇది కదలదు. నైరుతి అంటే దక్షిణం పడమర రెండూ తగిలే మూల, పైగా మనది పడమర రోడ్డు కాబట్టి ఆ మూలకి అడ్డం ఏమీ లేదు, ఇంటి మొత్తంలో సాయంత్రం ఎక్కువ కాలే గది అదే, ఇంటి మొత్తంలో వయసు పెద్దవాళ్ళు పడుకునే గదీ అదే. మా ఆఫీసులో పిల్లలు బెడ్రూమ్‌ని తూర్పుకి తోస్తూ ఒక ప్లాన్ గీసినారు, ఎండ లెక్కకి చాలా బాగుంది, అమ్మగారు చూసి మడిచి పక్కన పెట్టేసినారు.

అప్పుడు సిద్ధాంతిగారి దగ్గరికి నేనే పోయి కూర్చున్నా. ప్లాన్ తీసుకుపోలేదు, ఖాళీ సైటు గీసిన కాగితం తీసుకుపోయి ఎక్కడెక్కడ ఏమేం రావొచ్చో అడిగినా. చాలామంది ఆర్కిటెక్టులు గీసేసిన ప్లాన్ పట్టుకుపోయి ఓకేనా అంటారు, ఆయన రెండు తప్పులు చెప్పకపోతే ఆయన పని చేసినట్టుండదు కదా. ఖాళీ కాగితం మీద ఆయన చెప్పింది ఇది: పడమర గుమ్మం వాయవ్యం వైపుకి జరగాలి. మెట్లు పడమర గానీ దక్షిణం గానీ రావొచ్చు, ఈశాన్యం రాకూడదు, ఉత్తరం నుంచి దక్షిణానికి ఎక్కాలి, లెక్క బేసి ఉండాలి. నైరుతి ఎత్తుగా బరువుగా ఉండాలి, మిద్దె మీద నీళ్ళ ట్యాంకు కూడా ఆడే.

ఆయన బరువు అంటున్నాడు, నాకు నీడ వినిపిస్తోంది. పడమర ముఖం మొత్తం పొడుగునా మెట్లే పెట్టేస్తే?

మామూలుగా మనూర్లో మెట్లు ఇంటి పక్కన సందులో గానీ, ముందర మూల ఒక డబ్బాలా గానీ వస్తాయి. పైన పోర్షన్ ఉంది కాబట్టి బయటి మెట్లు ఎట్లాగూ కావాలి, ఆ జాగా ఎట్లాగూ పోతుంది. దాన్నే 3 అడుగుల 6 అంగుళాల వెడల్పుతో 24 అడుగుల పొడుగూ పడమర గోడకి ముందర సాగదీసినాం. 19 మెట్లు, మధ్యలో 3 అడుగుల ల్యాండింగ్, ఒకే దమ్ములో 19 మెట్లు ఎక్కించకూడదు కాబట్టి. గేటు తీసుకుని వస్తే ఎదురుగా సింహద్వారం, కుడిచేతి వైపు మెట్లు మొదలై దక్షిణానికి ఎక్కుతాయి, నైరుతి చివర పైకి చేరతాయి, ఆ పైన మెట్లకి కప్పుగా వచ్చే హెడ్‌రూమ్, దాని మీద ట్యాంకు. నైరుతి కావలసినంత ఎత్తు, కావలసినంత బరువు. సిద్ధాంతిగారు చూసి ఒక్క గీత కూడా మార్చలేదు, పైగా ఇట్లా ఇంకో ఇద్దరికి చెప్తాను అన్నారు.

మెట్లకి బయటి వైపు జాలీ గోడ, అంటే గాలి ఆడేలా చిల్లులున్న గోడ. కింద నుంచి పైన పిట్టగోడ దాకా, మట్టి జాలీ. ఇది ఎండని పూర్తిగా ఆపదు, ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు పడేది మెట్ల మీద, బెడ్రూమ్ గోడ మీద కాదు. మెట్లు వేడెక్కుతాయి, కానీ ఆ వేడికి బెడ్రూమ్ దాకా దారి లేదు, గాలికే పోతుంది. దీనికోసం ఒక జాగ్రత్త తీసుకున్నాం: మెట్ల స్లాబుని బెడ్రూమ్ గోడకి ఆనించలేదు. బయటి కాలమ్స్ నుంచి బీములు తీసి మెట్లని అటు నుంచే పట్టుకున్నాం, గోడకీ మెట్లకీ మధ్య 2 అంగుళాల సందు. ఆనిస్తే రెండు తంటాలు, మెట్ల వేడి కాంక్రీటు గుండా గోడలోకి పోతుంది, అద్దెకున్నోళ్ళు రాత్రి పదింటికి చెప్పులతో ఎక్కితే మంచం దాకా వినపడుతుంది. బెడ్రూమ్‌కి పడమర కిటికీ పెట్టలేదు, పైన వెంటిలేటర్లు రెండే. కిటికీలు దక్షిణానికి, 2 అడుగుల సజ్జతో.

20 అడుగుల ఎత్తు జాలీ అంటే మేస్త్రీలు ఇటుక పేర్చినట్టు పేర్చేస్తామంటారు. జాలీ దానంతటది నిలబడే గోడ కాదు. ప్రతి 5 అడుగులకీ ఒక సన్నని ఆర్‌సీసీ బెల్టు, మధ్య మధ్యలో కాలమ్స్, వరస మార్చి వరసకి జాయింట్‌లో 6 ఎంఎం కమ్మి. కమ్మి తుప్పు పడితే జాలీ పగిలిపోతుంది కాబట్టి దానికి పూత వేసినదే వాడినాం. జాలీ కోసం పలమనేరు దాకా పోయినాం, మట్టి బొమ్మలకి అంత పేరున్న ఊరు కదా, ఇక్కడివాళ్ళ చేత చేయిద్దామని. వాళ్ళు శాంపిల్ బాగానే చేసినారు గానీ చేత్తో చేసినవి ఒకదానికొకటి పావు అంగుళం తేడా, 20 అడుగుల ఎత్తులో పావు అంగుళాలన్నీ కలిస్తే లైను ఎక్కడికి పోతుందో చెప్పలేం. చివరికి మిషన్ జాలీ బయట నుంచి తెప్పించినాం, పలమనేరు వాళ్ళ చేత మెట్ల మొదట్లో దీపం గూడు చేయించుకున్నాం.

మధ్యలో కొడుకు బెంగళూరు నుంచి ఎలివేషన్ ఫోటోలు పంపినాడు. అన్నీ ఒకే రకం, ముందర రెండంతస్తుల ఎత్తు గాజు, పక్కన ఏసీపీ (అల్యూమినియం రేకు అతికించిన) షీటు, మిషన్‌తో డిజైన్ కోసిన సీఎన్‌సీ గ్రిల్లు. మామూలు 5 ఎంఎం గాజు మీద పడిన ఎండ వేడిలో 80 శాతం పైగా లోపలికే వస్తుంది, పడమర ముఖానికి రెండంతస్తుల గాజు పెడితే హాల్లో ఇడ్లీ ఉడుకుతుంది. ఆ మాట అట్లాగే అంటే పిల్లోడు నొచ్చుకుంటాడని అహ్మదాబాద్‌లో పేరున్న ఆర్కిటెక్టు లె కార్బూజియే కట్టిన మిల్ ఓనర్స్ అసోసియేషన్ బిల్డింగ్ ఫోటోలు పంపినా. 1954లో కట్టింది, దాని పడమర ముఖం రోడ్డు వైపే, ముఖమంతా ఏటవాలు కాంక్రీటు పలకలే, ఎండకి పెట్టిన అడ్డమే దాని ఎలివేషన్. వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడినాడు, రాత్రిపూట మెట్లలో లైటు వేస్తే జాలీ బయటికి ఎట్లా కనపడుతుందో త్రీడీ చేసి చూపించినాక గాజు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అసలు గొడవ, పై పోర్షన్. తిరుపతిలో పై పోర్షన్ అంటే అద్దెకి. ఆస్పత్రుల్లో నర్సులు, కాలేజీ పిల్లలు, దేవస్థానం ఉద్యోగులు. ఓనరు కింద ఉంటాడు, అతని నెత్తిన ఇంకో ఇల్లు ఉంది కాబట్టి స్లాబు వేడి అతనికి తెలీదు. అద్దెకున్నోళ్ళు మే నెలలో కరెంటు బిల్లు కట్టుకుంటారు, లేకపోతే ఖాళీ చేసి పోతారు. ఈ ఊర్లో మిద్దె మీద ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయించుకున్న ఇళ్ళు తక్కువ ఉండటానికి కారణం తెలియకపోవడం కాదు, వేడి ఒకరిది ఖర్చు ఒకరిది కావడం. సార్ కూడా మొదట "అద్దె పోర్షనే కదా, కూల్ పెయింట్ కొట్టిద్దాం" అన్నారు. అమ్మగారే అడ్డం పడినారు, పండక్కి మనవళ్ళు వస్తే పైన పడుకోవాల్సిందే గదా అని. నేను చెప్పాలనుకున్న నీతి కంటే అది బాగా పనిచేసింది.

కూల్ పెయింట్ చెడ్డదని కాదు, తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది, కట్టేసిన ఇళ్ళకి అదే చవక. సున్నంలో జిగురు కలిపి మార్చిలో ఒక పూత కొట్టినా తేడా తెలుస్తుంది. కానీ మనూరి దుమ్ముకి తెలుపు రెండేళ్ళలో మట్టిరంగుకి వస్తుంది, మళ్ళీ కొట్టేవాడుండాలి. కొందరు కింద ఫాల్స్ సీలింగ్ వేయిస్తారు, స్లాబు కాలిపోయినాక దాని కింద పీఓపీ పెట్టి దాచడం అది, ఎత్తు కూడా పోతుంది. వేడిని స్లాబు పైనే ఆపాలి. మేము వేసింది: స్లాబు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద 50 ఎంఎం ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు, పైన మెష్ వేసి వాటం పెట్టిన స్క్రీడ్ (సిమెంటు పొర), ఆ పైన తెల్ల టైల్స్. వాటర్‌ప్రూఫింగ్ షీట్ల కింద ఉండటం ముఖ్యం, రోజూ ఎండకి సాగి రాత్రికి ముడుచుకునే పని దానికి తప్పుతుంది, ఎక్కువ కాలం బతుకుతుంది.

షీట్లు దిగిన రోజు మేస్త్రి వచ్చి వేలితో నొక్కి చూసి నా వైపు చూసినాడు.

"థర్మాకోల్ మీద కాంక్రీటు ఏమి సార్, రేపు ట్యాంకు నిండితే మునిగిపోదా?"

థర్మాకోల్ కాదన్నా, నమ్మలేదు. ఒక ముక్క నేల మీద వేసి నిలబడమన్నా. నిలబడినాడు. సిమెంటు మూట భుజానికెత్తుకుని నిలబడినాడు. దిగి గోరుతో గీకి చూసినాడు, గుంట పడలేదు. ఈ రకం షీటు చదరపు మీటరుకి 25 టన్నుల దాకా మోస్తుంది, మిద్దె మీద మనం పెట్టేది దాంట్లో పావు వంతు కూడా ఉండదు. ట్యాంకు ఎట్లాగూ హెడ్‌రూమ్ మీద ఉంది, షీట్ల మీద కాదు. ఆయనకి నచ్చిన లెక్క ఇంకొకటి: ఒక అంగుళం ఎక్స్‌పీఎస్ ఆపేంత వేడిని ఉట్టి కాంక్రీటుతో ఆపాలంటే నాలుగు అడుగుల మందం పోయాలి. "నాలుగడుగులా" అని నవ్వి, అప్పటినుంచి పనోళ్ళకి ఆయనే చెప్తా ఉన్నాడు. ఉట్టి స్లాబుకి యూ వాల్యూ, అంటే వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే లెక్క, మూడున్నర దగ్గర ఉంటే ఈ పొరలతో సుమారు అరకి వస్తుంది, అంటే లోపలికొచ్చే వేడి ఏడో వంతు.

డబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారు. కాంట్రాక్టరు చదరపు అడుగు రేటులో ఇన్సులేషన్ ఉండదు, జాలీ ఉండదు, రెండూ ఎక్స్‌ట్రానే. కాబట్టి అదే రేటుకి బయట అందరూ పెట్టే ఎక్స్‌ట్రాలని ముందే ఒక కాగితం మీద రాయించినాం: ముందర గోడకి గ్రానైట్ క్లాడింగ్, ఏసీపీ, సీఎన్‌సీ గ్రిల్లు, రెండంతస్తుల్లో ఫాల్స్ సీలింగ్. అవన్నీ తీసేస్తే జాలీకి, మిద్దెకి సరిపోయి కొంచెం మిగిలింది, ఆ మిగిలింది బేస్‌మెంట్ ఎత్తుకి పోయింది. 2021 నవంబర్ వానలు చూసినోళ్ళెవరికీ తిరుపతిలో బేస్‌మెంట్ ఎత్తు గురించి చెప్పక్కర్లేదు, దానికి తోడు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోస్తారు, పదేళ్ళలో వాకిలి రోడ్డు కంటే కిందికి పోతుంది. ఎత్తు పెంచితే సార్ మోకాళ్ళకి మెట్లెక్కువ, కాబట్టి పక్కన పట్టుకునే కమ్మీతో ఒక ర్యాంపు.

ఇప్పుడు ఒక ఎండాకాలం గడిచింది. మే నెలలో సాయంత్రం 7 గంటలకి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని పై పోర్షన్ సీలింగూ, అడిగి పక్కింటి పై పోర్షన్ సీలింగూ చూసినాం, ఐదారు డిగ్రీల తేడా ఉంది. ఒక సాయంత్రం చూసింది, దీన్ని రీసెర్చ్ అనుకోవద్దు, పక్కిల్లు వేరే రకంగా కట్టింది. బెడ్రూమ్ పడమర గోడ రాత్రి 10కి చేతికి మామూలుగానే ఉంది, అదే గోడ దక్షిణం తిరిగిన చోట కొంచెం వెచ్చన. ఏసీ లేకుండా అయితే కాదు, సార్ పెట్టించుకున్నారు, కానీ పడుకునే ముందు గంట వేసి ఆపేసి ఫ్యాన్ పెట్టుకుంటున్నారు.

తంటాలు లేవని కాదు. జాలీలో దుమ్ము పేరుకుంటుంది, నెలకోసారి పైపు పెట్టి కొట్టాలి, నీళ్ళు మెట్ల మీదికొస్తాయి కాబట్టి మెట్లకి వాటం ఇచ్చి పక్కన సన్న కాలువ పెట్టినాం. ఈశాన్య రుతుపవనాల వాన తూర్పు నుంచి కొడుతుంది కాబట్టి పెద్దగా తడవదు, కానీ మేలో వచ్చే గాలివాన పడమర నుంచి వస్తే మెట్లు తడుస్తాయి, అందుకే మెట్లకి నున్నటి గ్రానైట్ వద్దని రఫ్‌గా కొట్టించిన రాయి వేసినాం. కోతులు జాలీని నిచ్చెనలాగా వాడుకుంటున్నాయి, అది మాత్రం కొండ కింద ఊరు, ఎవరేం చెయ్యలేరు, ట్యాంకు మూతకి తాళం వేసినారు.

సోలార్ పని ఇప్పుడు మొదలైంది. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, దానికి సుమారు 300 చదరపు అడుగుల మిద్దె కావాలి. వెండర్ టైల్స్‌కి డ్రిల్లు వేసి బోల్టు కొడతానన్నాడు, కొడితే షీట్లు, వాటర్‌ప్రూఫింగ్ రెండూ తూట్లు పడతాయి. డ్రిల్లు లేకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టి, మనిషి కింద నడిచేంత ఎత్తులో స్ట్రక్చర్ వేయించమని డ్రాయింగ్ ఇచ్చినా, గాలికి లేవకుండా దిమ్మె బరువు ఎంత ఉండాలో స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క వేస్తున్నాడు.